పాయింట్ గ్రే ఫిరంగి, 1/72 సైజులో: ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ చివర్లో

ముందు ప్లాన్ రాసి పెట్టుకుంటే మేలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కెనడాలోని వాంకోవర్‌లో పాయింట్ గ్రే కొండ అంచున మూడు 6 అంగుళాల ఫిరంగులు సముద్రం వైపు మూతి పెట్టి ఉండేవి. వాటిలో ఒకదాన్ని, అది కూర్చున్న కాంక్రీటు దిమ్మెతో, కింది మందుగుండు గదులతో సహా 1/72 సైజులో కట్టాలని ఆలోచన. మూడూ కట్టడానికి ఓపికా లేదు, బల్ల మీద చోటూ లేదు. పక్కన ఒక అట్ట ఉంటుంది. దాని మీద ఆ ఫిరంగుల్ని నడిపిన రెజిమెంట్ కథ, నిలబడి చదవగలిగేంత క్లుప్తంగా.

ఆ రెజిమెంట్ పేరు ఇప్పుడు 15వ ఫీల్డ్ ఆర్టిలరీ రెజిమెంట్, రాయల్ కెనడియన్ ఆర్టిలరీ. 1920లో వాంకోవర్‌లో పుట్టింది. ఇది రిజర్వ్ దళం. ఉద్యోగాలు, చదువులు మానకుండానే వారంలో ఒక సాయంత్రం, అప్పుడప్పుడూ శని, ఆదివారాలు యూనిఫాం వేసుకొచ్చి ఫిరంగి పని నేర్చుకుంటారు. వెస్ట్ 11వ అవెన్యూ మీదున్న బెస్‌బరో ఆర్మరీ (సైనిక శిక్షణ భవనం) వాళ్ల చోటు. 1930ల్లో కట్టి, అప్పటి గవర్నర్ జనరల్ పేరు పెట్టారు.

మా వాడు ప్లాన్ చూసి అడిగాడు. "నాన్నా, ఇది ఎన్ని ఓడల్ని ముంచింది?"

"ఒక్కదాన్నీ ముంచలేదురా. శత్రువు అసలు రానే లేదు."

"మరి దీన్నెందుకు చేస్తున్నావ్?"

అడగాల్సిన ప్రశ్నే. మోడల్ కట్టేవాళ్లలో చాలామందికి పేలుడు కావాలి, పొగ కావాలి, విరిగిపడ్డ గోడ కావాలి. దూది చింపి పొగ అంటించడం నాకూ సరదానే. కానీ ఇక్కడ అది పెడితే అబద్ధమవుతుంది. ఈ రెజిమెంట్ సొంత ఊళ్లో చేసిన యుద్ధమంతా కాపలాయే. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ ఫిరంగి దగ్గర సిద్ధంగా ఉండటం. ఆ సిద్ధంగా ఉండటం మోడల్‌లో కనపడేలా చేయగలనా లేదా అన్నదే నా పరీక్ష.

అక్టోబర్, మొదటి వర్షాలు

కొలతల కోసం బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలోని ఆంత్రపాలజీ మ్యూజియంకి వెళ్లాను. ఫిరంగి కోసం మ్యూజియానికి ఎందుకంటే, మ్యూజియం కట్టిందే ఆ ఫిరంగులున్న చోటు మీద. ఆర్థర్ ఎరిక్సన్ డిజైన్ చేసిన ఈ భవనం 1976లో తెరుచుకుంది. పాత దిమ్మెల్ని పగలగొట్టకుండా వాటి చుట్టూ కట్టుకుపోయాడు ఆయన. నడిమి దిమ్మె ఇప్పుడు భవనం లోపలే ఉంది. దాని మీద హైదా ఆదివాసీ శిల్పి బిల్ రీడ్ చెక్కిన ప్రసిద్ధ శిల్పం ఉంది. ఆల్చిప్పలోంచి తొలి మనుషులు తొంగి చూస్తుంటే పైన బొంతకాకి రెక్కలు చాచి కూర్చున్న శిల్పం. పసుపు సెడార్ కొయ్యలో చేశారు, 1980లో ఆవిష్కరించారు. 2004 నుంచి కొన్నేళ్లపాటు కెనడా 20 డాలర్ల నోటు వెనక కనిపించింది కూడా ఇదే.

వచ్చినవాళ్లంతా కాకిని ఫొటో తీసుకుంటున్నారు. నేను వంగి కాకి కింది కాంక్రీటును తీస్తున్నాను. అక్కడి సెక్యూరిటీ ఆయన రెండుసార్లు చూసి వెళ్లాడు. గుండ్రటి అంచు ఇంకా చక్కగా ఉంది. ఫిరంగి తన ఇరుసు మీద తిరిగేది కాబట్టి దిమ్మె గుండ్రంగా ఉండాలి, ఆ గుండ్రమే శిల్పానికి పీటగా సరిపోయింది. ఆ రోజుల్లో ఇక్కడ నిలబడితే ముందు ఇంగ్లిష్ బే, దాని వెనక నార్త్ షోర్ కొండలు కనిపించి ఉంటాయి. హార్బర్‌కి వెళ్లే ఏ ఓడైనా ఈ ముక్కు దాటాల్సిందే. చోటు ఎంపికలో తప్పు పట్టడానికి లేదు.

తర్వాత కొండ దిగి టవర్ బీచ్‌కి వెళ్లాను. సెర్చ్‌లైట్లు పెట్టిన కాంక్రీటు టవర్లు రెండు అక్కడ నీటి ఒడ్డున ఇంకా నిలబడే ఉన్నాయి, ఒంటినిండా రంగురంగుల గ్రాఫిటీతో. (ఆ పక్కనే రెక్ బీచ్, అక్కడ బట్టలు తప్పనిసరి కాదు. మొహమాటస్తులు తెలుసుకుని వెళ్లండి. అక్టోబర్ వానలో మాత్రం ఎవరూ లేరు.)

ఫిరంగులు కొండ మీద, లైట్లు కింద నీటి దగ్గర పెట్టడంలో లెక్క ఉంది. లైటు ఫిరంగి పక్కనే ఉంటే శత్రువుకి లైటు కనిపించిన చోటే గురి దొరుకుతుంది. పైగా గురి చూసేవాడి కంటికి ముందే వెలుగు చెదిరితే, తేమ గాలిలో తెల్లటి తెర తప్ప ఇంకేమీ కనిపించదు. పొగమంచు రోజున హెడ్‌లైట్లు హై బీమ్‌లో పెట్టి నడిపినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అక్టోబర్ చివర, గొట్టం పని

ఫిరంగి రకం బీఎల్ 6 అంగుళాల మార్క్ 7. బ్రిటిష్ సామ్రాజ్యపు రేవుల్లో చాలాచోట్ల కాపలా కాసిన పాత మోడల్. 1939 నాటికే దాని డిజైన్ వయసు దాదాపు నలభై ఏళ్లు. గుండు బరువు 100 పౌండ్లు, అంటే 45 కిలోలు. గొట్టం పొడవు సుమారు 7 మీటర్లు. 1/72లో అది పది సెంటీమీటర్ల లోపే. గొట్టం రంధ్రం 152 మిల్లీమీటర్లు, మోడల్‌లో 2.1. డ్రిల్ బిట్ల డబ్బాలో 2 మిల్లీమీటర్ల బిట్ ఉంది కాబట్టి ఆ పాయింట్ వన్‌ని చరిత్రకి వదిలేశాను.

ఈ ఫిరంగికి నాకు కిట్ దొరకలేదు. ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి గొట్టాలు మూడు తీసుకుని మెట్లు మెట్లుగా అతికించాను. ఆ మెట్ల మీద పుట్టీ నింపి, ఆరాక, డ్రిల్ మెషిన్‌కి బిగించి మెల్లగా తిప్పుతూ ఉప్పుకాగితం ఆనించాను. ముందు 240 నంబర్, తర్వాత 400, చివర 800 తడిపి. తిరుగుతున్న గొట్టం మీద వేళ్లకి మెట్టు తగలడం మానేసిందంటే ఏటవాలు కుదిరినట్టు. ఇత్తడి కనపడేదాకా రుద్దకూడదు, అక్కడ ప్రైమర్ పట్టదు.

గుండ్లు చేయడం దీనికంటే తేలిక. 2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కడ్డీని ముక్కలు కోసి, ఒక చివర గీకి మొన తేల్చాలి. ఒక్కోటీ బియ్యపు గింజంత. దాన్ని చిమటాతో పట్టుకుని, అసలుది 45 కిలోలు అని గుర్తు చేసుకుంటుంటే నవ్వొచ్చింది.

దిమ్మె కింది గదుల దగ్గర కొంచెం ఆగాలి. ఈ ఫిరంగిలో గుండు వేరు, దాన్ని తోసే మందు సంచి వేరు. గుండు పెట్టి లోపలికి తోశాక, దాని వెనక గుడ్డ సంచిలో కార్డైట్ మందు పెట్టి తలుపు మూస్తారు. అందుకని కింద గుండ్ల గది, మందు గది విడివిడిగా ఉంటాయి, పైకి పంపే లిఫ్టులూ విడివిడిగానే. గుండు కింద పడినా పెద్దగా భయం లేదు. మందు గదికి నిప్పురవ్వ చాలు. అందుకే ఇనుప మేకుల బూట్లతో అక్కడ అడుగు పెట్టనివ్వరు. మోడల్ ఒక పక్క గోడ కోసేసి ఈ రెండు గదులూ కనపడేలా చేస్తున్నాను. మందు గది గుమ్మం బయట రెండు జతల బూట్లు కూడా పెట్టాను. ఎవరూ గమనించరని తెలుసు, అయినా పెట్టాను.

కాంక్రీటు గోడలకి ప్లాస్టర్ పోశాను. ఆ రోజుల్లో చెక్క పలకలు బిగించి సిమెంటు పోసేవాళ్లు కదా, పలకల గీతలు గోడ మీద అలాగే అచ్చు పడేవి. అందుకని ఫోమ్ బోర్డు అచ్చు లోపల సన్నటి కొయ్య పుల్లలు వరసగా అంటించి, పైన నూనె రాసి పోశాను. ఊడదీస్తే గీతలు, కణుపుల మచ్చలతో సహా వచ్చాయి. ఇప్పటిదాకా చేసిన వాటిలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే.

నవంబర్ మొదట్లో, దూరం లెక్క

కొండ మీద ఒక పరిశీలన గది కూడా కట్టాలి. ఫిరంగి కంటే ఇదే నన్ను ఎక్కువ పట్టుకుంది.

కదిలే ఓడని కొట్టాలంటే దూరం తెలియాలి. రాడార్ రాకముందు తీర ఫిరంగులకి మంచి ఉపాయం ఒకటి ఉండేది. మనం నిలబడ్డ ఎత్తు మనకి ముందే తెలుసు. దుర్భిణిని ఓడ అంచు నీటిని తాకే చోటుకి దించి, ఎంత కోణం కిందికి వంగిందో చూస్తే చాలు, ఎత్తునీ కోణాన్నీ బట్టి దూరం తేలిపోతుంది. పదో తరగతి త్రికోణమితే. ఎత్తు 60 మీటర్లు, ఓడ 6 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి, దుర్భిణి వంగే కోణం అర డిగ్రీ పైన కాస్త. అంత చిన్న కోణాన్ని పట్టే పరికరం కావాలి, దాన్ని పట్టుకునే స్థిరమైన చెయ్యీ కావాలి.

చిక్కు ఇక్కడ ఉంది. వాంకోవర్ సముద్రం రోజంతా ఒకే మట్టంలో ఉండదు. పోటుకీ పాటుకీ మధ్య తేడా కొన్ని రోజుల్లో 4 మీటర్లు దాటుతుంది. నీరు 4 మీటర్లు తగ్గితే మన 60 మీటర్ల ఎత్తు 64 అవుతుంది. అది సరిచేయకుండా అదే కోణంతో లెక్క కడితే, పరికరం 6,000 మీటర్లని చూపించే ఓడ నిజానికి 6,400 మీటర్ల దూరంలో ఉంటుంది. 400 మీటర్లు ముందే గుండు నీళ్లలో పడుతుంది. కాబట్టి గన్నర్లకి శత్రువు కంటే ముందు చంద్రుడి లెక్క తెలియాలి. ఆ రోజు పోటు పట్టిక చూసి పరికరాన్ని సరిచేసుకోవడం డ్యూటీలో భాగం.

ఈ పని చేసింది వారానికో సాయంత్రం వచ్చి నేర్చుకున్న గుమాస్తాలు, రంపపు మిల్లు కూలీలు, కాలేజీ కుర్రాళ్లు. 1930ల మాంద్యంలో కెనడా మిలీషియా (ఇలాంటి పార్ట్‌టైం దళాలు) దగ్గర డబ్బుల్లేవు. వచ్చే కాస్త జీతాన్నీ యూనిట్ ఖర్చులకే తిరిగి ఇచ్చేసిన వాళ్లు చాలా రెజిమెంట్లలో ఉన్నారు. అలాంటి రోజుల్లోనే మేజర్ ట్రీట్ అనే బ్రిటిష్ అధికారి కెనడా తీరాలు తిరిగి చూసి, ఎక్కడ ఏ ఫిరంగి పెట్టాలో నివేదిక ఇచ్చాడు. దాన్ని బట్టే పడమటి తీరంలో పనులు మొదలై, ఈ రెజిమెంట్ తీర రక్షణ దళంగా మారింది.

1939 ఆగస్టు చివర్లో పిలుపు వచ్చింది. కెనడా యుద్ధం ప్రకటించింది సెప్టెంబర్ 10న. అంటే దేశం ఇంకా యుద్ధంలోకి దిగకముందే వీళ్లు ఆఫీసుల్లో సెలవు చెప్పేసి ఫిరంగుల దగ్గరికి వచ్చేశారు. అట్ట మీద ఈ రెండు తేదీలూ పక్కపక్కనే వేస్తాను. వ్యాఖ్య అక్కర్లేదు.

నవంబర్ 11

రిమెంబరెన్స్ డే, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. విక్టరీ స్క్వేర్‌లో సభ జరుగుతుంటే, నీటి ఒడ్డున పోర్ట్‌సైడ్ పార్కులో 15వ రెజిమెంట్ ఫిరంగులు 21 సార్లు వందనంగా పేలాయి. ఖాళీ మందే, గుండు ఉండదు. అయినా ఛాతీలో దడ పుడుతుంది, కార్ల అలారాలు మోగుతాయి.

ఇప్పుడు వాళ్ల దగ్గరున్నవి సీ3 హోవిట్జర్లు, 105 మిల్లీమీటర్లవి. పాత అమెరికన్ నమూనాకి 1990ల్లో పొడవైన గొట్టం బిగించి బాగు చేసినవి. ఇదే రకం ఫిరంగులు చలికాలంలో రోజర్స్ పాస్ అనే కొండ కనుమ దగ్గర హైవే పక్కన నిలబడి కొండల మీద మంచుని పేల్చి దించుతాయి, హిమపాతం దానంతట అది కార్ల మీద పడకముందే. 1960ల మొదట్నుంచీ కెనడా సైన్యం చేస్తున్న పని ఇది. దీని మీద ఇంకో మోడల్ కట్టొచ్చు, ఈ చలికాలంలో మాత్రం కాదు.

గన్నర్లు ఫిరంగి దగ్గర ఎంత మర్యాదగా ఉంటారో దగ్గర్నుంచి చూశాను. దాని మీద ఆనుకోరు, కప్పు పెట్టరు. పదాతి దళాలకి జెండా ఎంతో ఆర్టిలరీకి ఫిరంగి అంత. వీళ్లకి యుద్ధాల పేర్లు కుట్టిన జెండాలు ఉండవు. టోపీ బ్యాడ్జి మీద ఉబీక్ అన్న లాటిన్ మాట ఉంటుంది, అంతటా అని అర్థం. ఎక్కడ యుద్ధం జరిగినా ఫిరంగి ఉంటుంది కాబట్టి విడిగా జాబితా అక్కర్లేదని. సొంత ఊళ్లో శత్రువు మీద ఫిరంగి పేల్చే అవకాశమే రాని దళానికి ఇది కలిసొచ్చిన ఏర్పాటు అనిపించింది నాకు. కాపలా కాసిన రేవు కూడా ఆ మాటలోకి వచ్చేస్తుంది.

నవంబర్ చివర, అట్ట రాత

చరిత్ర అట్ట రాస్తుంటే తెలిసింది, అసలు కష్టం ఇత్తడి గొట్టంలో లేదని. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఉంచక తప్పనిది ఫోర్ట్ రే ఓడ కథ. లయన్స్ గేట్ వంతెన ఉత్తరపు కొస దగ్గర నారోస్ నార్త్ అని చిన్న బ్యాటరీ (ఫిరంగుల స్థావరం) ఉండేది, 12 పౌండ్ల గుండు పేల్చే 12 పౌండర్ ఫిరంగులతో. లోపలికొచ్చే ప్రతి పడవా ఆగి, ఎవరో ఏమిటో చెప్పి పోవాలి. ఆగకపోతే ముక్కు ముందు నీళ్లలోకి ఒక హెచ్చరిక గుండు. 1942 సెప్టెంబర్‌లో ఒక చేపల పడవ ఆగకుండా వచ్చింది. రూలు ప్రకారం దాని ముందుకి కాల్చారు. ఆ గుండు నీటి మీద పడి, మునగకుండా ఎగిరి, దూరంగా వెళ్తున్న ఫోర్ట్ రే అనే సరుకు ఓడ పక్కలో దూరింది. అప్పుడే కట్టి, పరీక్షగా నడిపి చూస్తున్న సరికొత్త ఓడ. నీళ్లు లోపలికి రావడంతో, మునిగిపోకుండా దాన్ని తీసుకెళ్లి లోతులేని చోట నిలబెట్టాల్సి వచ్చింది.

ఈ కథ విన్నవాళ్లంతా నవ్వుతారు. ఇన్నాళ్లూ కాపలా కాసి తగిలించింది సొంత ఓడకా అని. నేనూ మొదట నవ్వాను. కానీ నీటి మీద పలచటి కోణంలో పడ్డ గుండు ఎగిరిపోవడం గన్నర్ చేతిలో లేదు, చెరువులో పెంకులు ఎగరేసిన ఎవరికైనా తెలుసు. వాళ్లు చేసింది రాసిపెట్టిన డ్యూటీ. అదీగాక అప్పటికి తీరంలో భయం ఉత్తినే లేదు. అదే ఏడాది జూన్ 20న జపాన్ జలాంతర్గామి ఒకటి వాంకోవర్ ద్వీపం పడమటి ఒడ్డున ఎస్టెవాన్ పాయింట్ దీపస్తంభం మీద గుండ్లు కురిపించింది. మర్నాడు రాత్రి ఇంకో జలాంతర్గామి అమెరికాలో ఆరెగాన్ తీరంలోని ఫోర్ట్ స్టీవెన్స్ మీద కాల్చింది. మూడు నెలలు కూడా తిరక్కుండా, చెప్పినా ఆగని పడవ వస్తే ఏ గన్నరైనా ఏం చేస్తాడు? అందుకని అట్ట మీద జోక్‌లా కాకుండా, తేదీల వరసలో జూన్ తర్వాత సెప్టెంబర్ వచ్చేలా రాశాను.

యార్క్ ద్వీపానికి రెండు వాక్యాలే ఇచ్చాను, మనసొప్పలేదు గానీ. ఉత్తరం వైపు నుంచి జాన్‌స్టన్ జలసంధి గుండా ఎవరూ చొరబడకుండా ఆ చిన్న ద్వీపం మీద కూడా ఫిరంగులు పెట్టారు. రోడ్డు లేదు, ఊరు లేదు, సరుకులు పడవ మీదే. వాన, అడవి, డ్రిల్లు, మళ్లీ వాన. వాంకోవర్ నగరంలో స్టాన్లీ పార్కులోని ఫెర్గూసన్ పాయింట్ దగ్గర కాపలా పడ్డవాళ్ల అదృష్టం వేరు. అక్కడి మెస్సు భవనమే తర్వాత టీ హౌస్ రెస్టారెంట్ అయింది. ఒకే రెజిమెంట్, ఒకే జీతం.

యుద్ధం తర్వాతి భాగం గబగబా ముగించాను. తీర ఫిరంగుల కాలం 1950ల్లో చెల్లిపోయింది. విమానాలు, క్షిపణులు వచ్చాక కొండ మీద కదలని ఫిరంగితో ఏం పని? రెజిమెంట్ మళ్లీ మైదానపు ఫిరంగులకి మళ్లింది. ఆ తర్వాతి తరంలో ఇక్కడి రిజర్వ్ గన్నర్లు రెగ్యులర్ దళాలతో కలిసి అఫ్గానిస్తాన్ కూడా వెళ్లొచ్చారు.

డిసెంబర్

బొమ్మ మనుషుల్ని నిలబెట్టే పని. దొరికే సైనికుల సెట్లలో అందరూ పరిగెడుతూనో అరుస్తూనో ఉంటారు. ఊరికే నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. అందుకని చేతులు కోసి, వేడినీళ్లలో కాళ్లు మెత్తబరిచి వంచి, కొత్త భంగిమలు చేస్తున్నాను. ఒకడు ఫిరంగి మూతికి కాన్వాస్ తొడుగు బిగిస్తుంటాడు. ఇంకొకడు గొట్టం వెనకున్న బ్రీచ్ తలుపుకి గ్రీజు రాస్తుంటాడు. పరిశీలన గదిలో ఒకడు దుర్భిణికి కళ్లు ఆనించి ఉంటే, పక్కవాడు పోటు పట్టిక తిరగేస్తుంటాడు. మందు గదిలో ఒకడు, బూట్లు లేకుండా.

మా ఆవిడ చూసి, "ఏమండీ, వీళ్లెవరూ యుద్ధం చేస్తున్నట్టే లేరు, డ్యూటీ దిగే టైం కోసం చూస్తున్నట్టున్నారు" అంది. అంటే భంగిమలు కుదిరినట్టే.

మిగిలిన పనులు: దిమ్మె మీద వాన మరకలు, అంటే నల్ల ఆయిల్ పెయింట్‌ని బాగా పలచన చేసి పైనుంచి కిందికి జార్చాలి, పాచికి అంచుల్లో కాస్త ఆకుపచ్చ పొడి. ఫిరంగి మీద మభ్యపెట్టే వల కట్టాలి. గాజుగుడ్డని టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టాను, రంగు బాగానే పట్టింది, ముక్కలు కత్తిరించి అతికించడమే తరువాయి. సెర్చ్‌లైట్ టవర్‌కి 3 మిల్లీమీటర్ల ఎల్ఈడీ తెచ్చాను, కానీ వార్మ్ వైట్ మరీ పసుపుగా ఉంది. అప్పటి కార్బన్ ఆర్క్ లైట్లు కళ్లు జిగేల్‌మనే నీలి తెలుపులో వెలిగేవి. కూల్ వైట్‌ది ఆర్డర్ పెట్టాను, దానికి తగ్గ రెసిస్టర్ డబ్బాలో ఉంది. అది వచ్చేలోపు టవర్ గోడకి వైరు దూరేంత రంధ్రం చేసి పెట్టుకోవాలి, ప్లాస్టర్ చిట్లకుండా, చేత్తో తిప్పే డ్రిల్‌తో.